వెయ్యి డాలర్ల వీధి

1953లో న్యూయార్క్ నగరం తన వీధి ముక్క ఒకదాన్ని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెయ్యి డాలర్లకు ఇచ్చేసింది. మాన్‌హాటన్‌లో 116వ వీధి, బ్రాడ్‌వే నుంచి ఆమ్‌స్టర్‌డామ్ అవెన్యూ దాకా ఉన్న భాగం అది. మా అమ్మాయి ఈ సంగతి చెబుతుంటే అల్లుడు "వెయ్యికి వీధా!" అని నోరెళ్లబెట్టాడు. నేను మాత్రం "దస్తావేజులో షరతులేం రాసుకున్నారు?" అని అడిగాను. సబ్ రిజిస్ట్రారుగా రిటైరైనదాన్ని. ప్రతిఫలం ఎంతన్నది మొదటి పేజీలోనే కనబడుతుంది. తగాదాలన్నీ లోపలి పేజీల్లో ఉంటాయి.

కాలేజీ నడుమ ఊరి వీధి

కొలంబియా 1897లో మార్నింగ్‌సైడ్ హైట్స్ అనే ఈ మెట్టకు మారింది. మొదట దాని స్థలమంతా 116వ వీధికి ఉత్తరాన ఉండేది. ‘లో’ అనే పేరున్న లైబ్రరీ, దాని ముందున్న వెడల్పాటి మెట్ల వరస అటువైపే కట్టారు. తర్వాత వీధికి దక్షిణాన ఉన్న మైదానమూ చేతికొచ్చింది. 1934లో అక్కడ బట్లర్ లైబ్రరీ తెరిచారు. దాంతో కాలేజీ అటో ముక్క, ఇటో ముక్క. నడిమధ్య నుంచి ఊరి వీధి, దాని మీద కార్లు. 1913లో అంబేడ్కర్ ఇక్కడ చదువుకోవడానికి వచ్చేనాటికి కూడా అది ఊరందరి వీధే.

1754లో పుట్టిన ఆ విద్యాసంస్థకు రెండు వందల ఏళ్లు నిండబోతుండగా వీధి చేతులు మారింది. కార్లు ఆగిపోయాయి. వాటి స్థానంలో చెట్ల నడుమ నడకబాట వచ్చింది. పేరు కాలేజ్ వాక్. కాలేజీకి కలిగిన మేలు చూస్తేనే తెలుస్తుంది. రెండు ముక్కలూ ఒకటయ్యాయి. మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా బట్లర్ లైబ్రరీ స్తంభాల దాకా చూపుకు అడ్డం ఉండదు. చుట్టుపక్కలవాళ్లు పోగొట్టుకున్నది కార్ల దారి ఒక్కటే. కాలినడక దారి మిగిలింది. బ్రాడ్‌వే మీదున్న సబ్‌వే స్టేషనుకు పోయే ఉద్యోగులు, పసిపిల్లల బండ్లు తోసుకుంటూ వెళ్లే తల్లులు, కుక్కను తిప్పే ముసలివాళ్లు డెబ్బై ఏళ్లపాటు ఆ బాటనే నడిచారు.

2024 వసంతంలో గాజా యుద్ధంపై నిరసనగా విద్యార్థులు క్యాంపస్ పచ్చికలో గుడారాలు వేశారు. ఆ గొడవల్లో కాలేజ్ వాక్ గేట్లు మూతపడ్డాయి. భద్రత కోసమంటూ, గుర్తింపు కార్డు ఉన్నవాళ్లనే లోపలికి వదలడం మొదలుపెట్టారు. మిగతావాళ్లు 114వ వీధి వైపు దిగో, 120వ వీధి వైపు ఎక్కో చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. మాన్‌హాటన్‌లో ఉత్తర దక్షిణాలుగా ఇరవై బ్లాకులు కలిస్తే సుమారు ఒక మైలు. 114 మీదుగా పోతే రెండు బ్లాకులు దిగి, అడ్డంగా దాటి, మళ్లీ రెండు ఎక్కాలి. అంటే సుమారు మూడు వందల మీటర్లు అదనం. కుర్రాళ్లకు అదొక లెక్క కాదు. చేతికర్రతో నడిచే మనిషికి రోజూ రెండుసార్లంటే చాలా లెక్క. 2025లో కొందరు నివాసులు కోర్టుకెక్కారు. వీధి ఇచ్చేటప్పుడు జనం నడిచే హక్కును నగరం వదులుకోలేదని, దాన్ని గేటు వేసి కొట్టేయడానికి లేదని వాళ్ల వాదన.

కాగితంలో లేని దారి

వాళ్లు పట్టుకున్న హక్కును మనవాళ్లూ ఎరుగుదురు. నేల ఒకరిది, దాని మీదుగా నడిచే హక్కు ఇంకొకరిది. దస్తావేజుల భాషలో ఈజ్‌మెంటు. పక్కవాడి చేను గట్టు మీదుగా మన చేలోకి పోయే దారి ఇలాంటిదే. మనకు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది. ఇంకొకరి నేల మీద ఇరవై ఏళ్లు అడ్డులేకుండా, హక్కుగా నడిస్తే దారి హక్కు వస్తుందని అది చెబుతుంది. ప్రభుత్వ భూమి అయితే ముప్పై ఏళ్లు.

నేను కోస్తాలో ఒక చిన్న పట్నంలో పనిచేస్తున్నప్పుడు అక్కడి మునిసిపాలిటీ ఒక సందును పక్కనున్న కాలేజీకి మార్పిడి దస్తావేజు మీద ఇచ్చింది. సందు కాలేజీకి, ఊరి చివర అంతే స్థలం మునిసిపాలిటీకి. నాలుగు హద్దులూ, స్టాంపు డ్యూటీ, తీర్మానం నకలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. రిజిస్టరైంది. గేటు పెట్టిన వారానికి, ఆ సందులోంచి ఇళ్లకు పాలు పోసే ఆవిడ క్యాను పట్టుకునే మా ఆఫీసుకు వచ్చింది. "అమ్మగారూ, మా దారి కాయితంలో ఉందేమో కాస్త చూసి పెట్టండి" అంది. సర్టిఫైడ్ కాపీ తీయించి చదివాను. నీటి గొట్టాల మరమ్మతుకు మునిసిపల్ సిబ్బంది ఎప్పుడైనా రావచ్చని ఒక పేరా నిండా ఉంది. మనుషులు నడవడం గురించి ఒక్క ముక్క లేదు. "లేదమ్మా" అన్నాను. "గొట్టాలపాటి చెయ్యలేదా మేము" అని క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆవిడ మాట ఏ దేశానికైనా వర్తిస్తుంది. వీధిని వదులుకునేటప్పుడు కింద ఉన్న నీటి గొట్టం, మురుగు కాలువ, గ్యాసు, కరెంటు తీగల కోసం నగరాలు హక్కులు జాగ్రత్తగా అట్టేపెట్టుకుంటాయి. వాటిని అడగడానికి ఒక్కోదానికీ ఒక శాఖ ఉంది, ఉత్తరం రాయడానికి ఒక ఇంజనీరు ఉన్నాడు. నడిచేవాడి తరఫున ఉత్తరం రాసే శాఖ లేదు.

సొంతదారులైతే ఈ విషయంలో మహా జాగ్రత్త. న్యూయార్క్‌లోనే రాక్‌ఫెల్లర్ ప్లాజా అనే వీధి ఉంది. అది ప్రైవేటు ఆస్తి. వేలమంది నడుస్తారు, ఎవరూ ఆపరు. కానీ ఏడాదికి ఒకరోజు దాన్ని మూసేస్తారు. జనం ఏళ్ల తరబడి ఆగకుండా నడిచి రేపు హక్కు అనకుండా, ఆ ఒక్కరోజు తాళంతో తమ సొంతం నిలబెట్టుకుంటారు.

న్యూహేవెన్‌లో మూడు పద్ధతులు

వీధిని ఇవ్వడంలో ఎన్ని రకాలున్నాయో చూడాలంటే కనెటికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ చాలు. యేల్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. అక్కడి ఆస్తుల విలువలో సగానికి పైగా పన్ను పడనిదే, అందులో యేల్‌ది పెద్ద వాటా. అందుకని నగరానికి ఎప్పుడూ డబ్బు కావాలి, యేల్‌కు ఎప్పుడూ స్థలం కావాలి.

1990ల మొదట్లో హై స్ట్రీట్, వాల్ స్ట్రీట్‌లలో కొంత భాగాన్ని కార్లకు మూసే ఒప్పందం ఇరవై ఏళ్లకు కుదిరింది. మొదటి పద్ధతి అది, గడువు మీద ఇవ్వడం. గడువు తీరాక 2013లో నగరం వాటిని 30 లక్షల డాలర్లకు శాశ్వతంగా అమ్మింది. వీధులు అమ్మేస్తారా అని ఊళ్లో పెద్ద చర్చే జరిగింది. 2021 నవంబరులో మరో ఒప్పందం ప్రకటించారు. ఆరేళ్లలో యేల్ స్వచ్ఛందంగా నగరానికి ఇచ్చే మొత్తం 13.5 కోట్ల డాలర్లకు పెరిగింది. చాపెల్, ఎల్మ్ వీధుల మధ్య హై స్ట్రీట్ భాగాన్ని నడకబాటగా మార్చడమూ అందులో ఒక అంశం. ఖర్చు యేల్‌ది, యాజమాన్యం మాత్రం నగరానిదే.

నా ఓటు ఈ మూడో పద్ధతికే. కాలేజీకి కావలసింది కార్లు లేని ప్రశాంతమైన చోటు. అందుకు పట్టా అక్కర్లేదు. పట్టా నగరం దగ్గరుంటే, గేటు పెట్టాలన్న ఆలోచన వచ్చిన రోజున కాలేజీ మళ్లీ కౌన్సిల్ ముందుకు రావాల్సిందే.

సంతకానికి ముందే

1953తో పోలిస్తే న్యూయార్క్‌లో ఇప్పుడు వీధిని నగర పటం నుంచి తీసేయడం అంత సులువు కాదు. 1970లలో వచ్చిన పద్ధతి ప్రకారం స్థానిక కమ్యూనిటీ బోర్డుకు 60 రోజులు, బరో ప్రెసిడెంటుకు 30, ప్లానింగ్ కమిషన్‌కు 60, సిటీ కౌన్సిల్‌కు 50 రోజులు గడువిచ్చి పరిశీలిస్తారు. జనం వచ్చి మాట్లాడవచ్చు. వాళ్లు మాట్లాడింది కాగితం మీదికి ఎక్కితేనే ఫలితం.

అందుకే ఏ ఊళ్లోనైనా కాలేజీ అభివృద్ధికి వీధి ఇస్తున్నారంటే ధర సంగతి తర్వాత చూడండి, ముందు నాలుగు అడగండి. ఎవరు నడవచ్చు, ఏ వేళల్లో? అత్యవసరమని మూస్తే ఎన్ని రోజుల దాకా? ఆ గడువు దాటితే ఎవరు తెరిపించాలి? తెరవకపోతే స్థలం తిరిగి నగరానికి వస్తుందా? జవాబులు దస్తావేజులో రాయించి, ఆ షరతుల్ని డాక్యుమెంటు నంబరుతో సహా గేటు పక్క బోర్డు మీద పెట్టించాలి. గేటు దగ్గర నిలబడే కాపలాదారుకు, దారి దొరక్క ఆగిన మనిషికి మధ్య వాదన వస్తే ఇద్దరూ అదే బోర్డు చదువుకుంటారు.