బడి ఆగినా చదువు ఆపని రావూరి భరద్వాజ

తెలుగు సాహిత్యానికి ఇప్పటి వరకు మూడు జ్ఞానపీఠ పురస్కారాలు వచ్చాయి. 1970కి విశ్వనాథ సత్యనారాయణ గారికి, 1988కి డాక్టర్ సి.నారాయణరెడ్డి గారికి, 2012కి రావూరి భరద్వాజ గారికి. మొదటి ఇద్దరూ కళాశాలల్లో పాఠాలు చెప్పిన పండితులు. మూడవ వారు హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేకపోయారు. పత్రికలలో, ఆ తర్వాత రేడియోలో ఉద్యోగం చేసుకుంటూ రచయితగా ఎదిగారు.

వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి రాయాలని మేము అనుకోవడానికి ఒక ముఖ్యమైన కారణం ఉంది. "చదువు లేకపోయినా ఆయనకు అంత పెద్ద అవార్డు వచ్చింది కదా, మరి మనకెందుకన్నా ఈ చదువు?" అని అడిగే తమ్ముళ్ళు మన హాస్టళ్ళలో ఉన్నారు. ఆయన జీవితాన్ని సరిగ్గా చదివితే ఆ ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

భరద్వాజ గారు 1927 జూలై 5న మొగులూరులో జన్మించారు. అప్పట్లో అది హైదరాబాదు సంస్థానంలోని ఊరు. ఇప్పుడు మన ఖమ్మం జిల్లాకు పొరుగున ఉన్న ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. తర్వాత వారి కుటుంబం గుంటూరు జిల్లా తాడికొండకు చేరింది. పేదరికం వల్ల ఆయన బడి మానవలసి వచ్చింది. పొలాల్లో కూలి చేశారు. ఫ్యాక్టరీలలో, ముద్రణాలయాలలో పనిచేశారు. కానీ పుస్తకం మాత్రం వదలలేదు. 1946లో నెల్లూరు 'జమీన్ రైతు' వారపత్రికలో చేరారు. 1948లో 'దీనబంధు'కు వెళ్ళారు. ఆ తర్వాత 'జ్యోతి', 'సమీక్ష', 'అభిసారిక', 'చిత్రసీమ', 'యువ' వంటి పత్రికలలో పనిచేశారు. 1959లో ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో స్క్రిప్టు రచయితగా ఉద్యోగం వచ్చింది. 1987లో పదవీ విరమణ చేసే వరకు ఆకాశవాణిలోనే ఉన్నారు.

రేడియోకు రాయడమంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. పత్రికలో ఒక వాక్యం అర్థం కాకపోతే మళ్ళీ వెనక్కి వెళ్ళి చదువుకోవచ్చు. రేడియోలో ఆ వీలు లేదు. మాట చెవిన పడగానే అర్థం కావాలి. అందుకని వాక్యం చిన్నదిగా ఉండాలి, ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి, పలికేవారికి ఊపిరి సరిపోవాలి. ఉదాహరణకు భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. ఆ అంకె ఒక్కటే చదివితే ఒడ్డున ఉన్న గుడిసెలోని అవ్వకు ఏం తెలుస్తుంది? ఏ దారి మునుగుతుంది, ఎక్కడికి వెళ్ళాలి, ఎప్పటిలోగా వెళ్ళాలి అని చెబితేనే అది వార్త. శ్రీరామనవమి నాడు భద్రాద్రి కల్యాణానికి ఉషశ్రీ గారు చెప్పిన రేడియో వ్యాఖ్యానాన్ని మన పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. ఎదురుగా జరిగేది చూడలేని మనిషికి మాటలతో చూపించడమే ఆ విద్య. భరద్వాజ గారు ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది అలాంటి చోట.

ఆయన ముప్పైకి పైగా కథా సంపుటాలు, పదిహేడు నవలలు, ఇంకా నాటికలు, పిల్లల పుస్తకాలు రాశారు. 'పాకుడురాళ్ళు' నవల సినిమా రంగంలోని వెలుగు వెనుక ఉన్న చీకటిని చూపించింది. భార్య కాంతం గారు 1986లో మరణించిన తర్వాత ఆ దుఃఖాన్ని 'నాలోని నీవు' వంటి పుస్తకాలుగా రాసుకున్నారు. మాకు మాత్రం అన్నిటికంటే దగ్గరగా అనిపించేది 'జీవన సమరం'. ఇందులో రాజులు లేరు, నాయకులు లేరు. రెక్కలు ముక్కలు చేసుకుని బ్రతికే మామూలు మనుషులు ఉన్నారు. వారితో మాట్లాడి, వారి కష్టసుఖాలు విని రాసిన పుస్తకమది. దానికి 1983లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

మిత్రులారా! ఇప్పుడు మన అమ్మానాన్నలను ఒకసారి తలుచుకోండి. ఎండాకాలం తెల్లవారకముందే అడవికి పోయి తునికాకు కోసి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లం దగ్గర లెక్క అప్పజెప్పే తల్లి మనలో చాలామందికి ఉంది. మిరప కోతలకు పోయి చేతులు మండుతుంటే అన్నం కలుపుకోలేని అక్కలు ఉన్నారు. బొగ్గు బాయిలో దిగే మామయ్యలు ఉన్నారు. వీరి గురించి రాయడానికి ఏముంటుందని మనమే అనుకుంటాం. ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట 'కూలి' అని రాయడానికి చేయి వెనకాడుతుంది. భరద్వాజ గారు ఆ కూలి పనులు స్వయంగా చేశారు. ఆ బ్రతుకులనే సాహిత్యంగా మలిచారు. దేశం దాన్ని గౌరవించింది.

ఇక తమ్ముళ్ళ ప్రశ్నకు వద్దాం. ఆయన చదువు మానలేదు, చదువే ఆయనకు అందకుండా పోయింది. బడి ఇవ్వని చదువును ఆయన ఒంటరిగా, కడుపు కాలుతుండగా, ఏళ్ళ తరబడి సంపాదించుకున్నారు. తర్వాత విశ్వవిద్యాలయాలే ఆయనకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 2013 అక్టోబరులో జ్ఞానపీఠం అందుకున్నారు. అదే నెల 18న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 86 ఏళ్ళు. ఆయనకు లేని హాస్టలు, భోజనం, పుస్తకాలు, పాఠం చెప్పే గురువులు మనకు ఉన్నారు. లోటుపాట్లు ఉంటే అడిగి సరిచేయించుకుందాం. కానీ చేతికి వచ్చిన చదువును వదులుకోవద్దు.

ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ప్రతి విద్యార్థీ ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళండి. అమ్మ పక్కన కూర్చుని ఆమె పని గురించి అడగండి. ఆమె చెప్పిన మాటలను ఆమె మాటల్లోనే రాయండి. రాసింది ఒకసారి పైకి చదివి ఆమెకు వినిపించండి. ఎక్కడ అర్థం కాలేదంటే అక్కడ మార్చండి. వచ్చే సంవత్సరం సంచికకు ఆ రచనలే రావాలని కోరుకుంటున్నాము.