గోడకు పెద్ద పటం కావాలా? అబిడ్స్ బయల్దేరే ముందు ఈ లెక్క చూసుకోండి!

కొత్తగా ఇల్లు మారారు. సోఫా వచ్చింది, టీవీ బిగించారు. గోడ మాత్రం బోసిగా ఉంది. పెద్ద పెయింటింగ్ కొందామంటే గ్యాలరీ రేట్లు అందవు. అందుకే చాలామంది ఫోన్‌లో నచ్చిన బొమ్మ సేవ్ చేసుకుని, ప్రింట్ తీయించి పటం కట్టించడానికి అబిడ్స్, నాంపల్లి వైపు వెళ్తుంటారు. డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక ఎంత పెద్ద సైజైనా ఇట్టే చేతికొస్తోంది. కానీ గోడకు తగిలించాకే అసలు సంగతి తెలుస్తుంది. బొమ్మ మసకగా, గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. చాలాసార్లు తప్పు ప్రింటర్‌ది కాదు.. మనం ఇచ్చిన ఫైల్‌ది!

ఫోన్‌లో బాగుంటే సరిపోదా?

సరిపోదు. ఫోన్ స్క్రీన్ అరచేయంత. గోడ మీద పటం 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. అంటే 24x36 అంగుళాలు. వాట్సాప్‌లో వచ్చిన 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోను ఆ సైజుకు సాగదీస్తే అంగుళానికి 45 చుక్కలే వస్తాయి. దగ్గరికి వెళ్తే ముఖం కూడా సరిగ్గా కనిపించదు.

లెక్క చాలా ఈజీ. ఫోటో వెడల్పు ఎన్ని పిక్సెళ్లో చూసి, ప్రింట్ వెడల్పు అంగుళాలతో భాగించండి. 150 వస్తే బేఫికర్. 100 వస్తే నాలుగైదు అడుగుల దూరం నుంచి చూడటానికి పర్లేదు. అంతకంటే తగ్గితే సైజు తగ్గించుకోవడమే మంచిది. 24x36 ప్రింట్‌కు 3600x5400 పిక్సెళ్లుంటే దిగుల్లేదు. షాపుకు ఫైల్ పంపేటప్పుడు మామూలు ఫోటోలా కాకుండా 'డాక్యుమెంట్'గా పంపండి. లేదంటే వాట్సాప్ సైజు కుదించేస్తుంది.

ఒక్క పెద్దదా.. నాలుగు చిన్నవా?

ఇక ఖర్చు సంగతి. ప్రింట్‌కు సాధారణంగా చదరపు అడుగు లెక్క. ఫ్రేమ్‌కు మాత్రం చుట్టూ పట్టే బీడింగ్ పొడవు లెక్క. ఇక్కడే చాలామంది పొరబడతారు.

24x36 పటం ఒక్కటైతే ప్రింట్ 6 చదరపు అడుగులు, బీడింగ్ 10 అడుగులు. అదే 12x18 పటాలు నాలుగు పెడితే ప్రింట్ మళ్లీ 6 చదరపు అడుగులే. కానీ బీడింగ్ 20 అడుగులు పడుతుంది. అంటే ఫ్రేమ్ ఖర్చు దాదాపు డబుల్! గోడ నింపాలి, జేబు ఖాళీ కాకూడదు అనుకుంటే ఒక్క పెద్ద పటమే బెటర్. మౌంట్ వేయిస్తే ఫ్రేమ్ సైజు పెరుగుతుందని మర్చిపోవద్దు.

ఏ బొమ్మలు ఫ్రీ?

నెట్‌లో కనిపించిన ప్రతి బొమ్మనూ ప్రింట్ తీయించడం కరెక్ట్ కాదు. మన దేశంలో చిత్రకారుడు చనిపోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. 1992లో కన్నుమూసిన వడ్డాది పాపయ్య బొమ్మలకు 2052 చివరి వరకు, 2014లో చనిపోయిన బాపు బొమ్మలకు 2074 చివరి వరకు ఆ హక్కు వర్తిస్తుంది. వాళ్ల బొమ్మలు కావాలంటే హక్కులున్నవారు అమ్మే ప్రింట్లే కొనాలి.

మరి ఫ్రీగా వాడుకునేవి లేవా? బోలెడున్నాయి. రాజా రవివర్మ 1906లో, రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. వీళ్ల పనుల మీద గడువు ఎప్పుడో తీరిపోయింది. పాత హైదరాబాద్ ఫోటో హాల్లో పెట్టుకోవాలంటే దీన్‌దయాళ్ తీసినవి మంచి ఛాయిస్.

మన గోల్కొండ కాలం నాటి చిత్రాలు కొన్ని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. కాపీరైట్ లేని చిత్రాల ఫోటోలను ఆ మ్యూజియం 2017 నుంచి ఉచితంగా ఇస్తోంది. వెబ్‌సైట్‌లో 'ఓపెన్ యాక్సెస్' అని ఉన్నవి పెద్ద సైజులో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఇక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద జరిగే పాత పుస్తకాల బజార్‌లో వెతికితే బొమ్మల పుస్తకాలు, పాత మ్యాగజైన్లు దొరుకుతాయి. వాటిలో నచ్చిన పేజీనే పటం కట్టించుకోవచ్చు.

'నకలే కదా' అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లకే ప్రత్యేకంగా గ్యాలరీ ఉంది.

పెద్దల ఫోటో అయితే మరింత జాగ్రత్త

అన్నింటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు హడావుడిగా ఏదో గ్రూప్ ఫోటోలోంచి ముఖం కట్ చేసి పెద్దది చేయిస్తారు. ఏళ్ల తరబడి దండ వేసి దండం పెట్టుకునే ఫోటో అలా మసకగానే మిగిలిపోతుంది.

ఆల్బమ్‌లో పాత ఫోటో ఉంటే దాన్ని ఫోన్‌తో ఫోటో తీయకండి. స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయించండి. 4x6 అంగుళాల ఫోటో నుంచి 2400x3600 పిక్సెళ్లు వస్తాయి. 24x36 సైజుకు అంగుళానికి సరిగ్గా 100 చుక్కలు. ముఖం ఒక్కటే కావాలంటే 12x18తో ఆగడం మేలు. నెగటివ్ దొరికితే ఇంకా మంచిది.

ఒరిజినల్‌ను మాత్రం బోర్డుకు అతికించనివ్వొద్దు. ఒకసారి జిగురు పడితే మళ్లీ ఊడదు. చెమ్మ తగిలితే పాత ఫోటో అద్దానికి అంటుకుపోతుంది కూడా. గోడకు కాపీ పెట్టి, ఒరిజినల్ బీరువాలో దాచండి.

తగిలించేటప్పుడు ఇవి చూసుకోండి

* 24x36 పటానికి 3 ఎంఎం అద్దం వేస్తే ఒక్క అద్దమే 4 కిలోలు దాటుతుంది. యాక్రిలిక్ షీట్ అయితే అందులో సగం. మంచం, ఉయ్యాల పైన పెట్టే పటాలకు అదే సేఫ్.
* కాన్వాస్ ప్రింట్‌కు అద్దం అక్కర్లేదు. కిటికీ ఎదురు గోడైతే మెరవని మ్యాట్ ఫినిష్ అడగండి.
* నేరుగా ఎండ పడే గోడ వద్దు, రంగులు వెలిసిపోతాయి. వానాకాలం చెమ్మ పట్టే గోడైతే పటం వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్లలు అంటించండి. గాలి ఆడుతుంది.
* పటం మధ్యభాగం నిలబడిన మనిషి కంటి ఎత్తులో, అంటే నేల నుంచి 5 అడుగులకు కాస్త అటూఇటూగా ఉంటే బాగుంటుంది. సోఫా 6 అడుగులైతే పటం వెడల్పు 4 అడుగుల వరకు నప్పుతుంది.
* అద్దె ఇల్లైతే మేకు కొట్టే ముందు ఓనర్‌ను అడగండి. ఒక్క పెద్ద పటానికి ఒకటి రెండు మేకులు చాలు.

చివరగా ఒక చిన్న చిట్కా. షాపుకు వెళ్లే ముందు పటం సైజులో పాత న్యూస్‌పేపర్లు కలిపి గోడకు టేపుతో అంటించి చూడండి. రెండు రోజులు అలాగే ఉంచితే సైజు సరిపోయిందో లేదో మీకే తెలుస్తుంది. ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి!