గల్లా పెట్టె వేరు, జేబు వేరు
శాన్ రామన్ ఊరితో ముడిపడిన ఒక కుటుంబ దుకాణాల కథ

సెలవు రోజు సాయంత్రం వంటలు అయ్యాక క్యాంపు గదిలో మాట ఎటు తిరిగినా చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే. "ఇంకో రెండేళ్ళు చేసి ఊరికి పోత. రోడ్డు మీద ఒక కిరాణం షాపు పెట్టుకుంట." ఈ మాట అననివాడు మన గదుల్లో ఎవరున్నారు?

మేము ఆఫీసు గుమాస్తాలం. ఇంటర్ చదివి వచ్చినవాళ్ళం. టైం షీట్లు, వోచర్లు, బిల్లులు రాయడమే మా పని. మా గదిలో ఉండే ఒక అన్న ఎనిమిదేళ్ళ కష్టార్జితంతో ఊళ్ళో షాపు పెట్టాడు. మొదటి ఏడాది బాగా నడిచింది. ఆ ఊపులో తమ్ముడి చేత పక్క ఊళ్ళో రెండో షాపు తెరిపించాడు. ఏడాదిన్నరకు రెండూ మూతపడ్డాయి. మళ్ళీ వీసా తీసుకుని క్యాంపుకే వచ్చాడు. "డబ్బు ఎక్కడ పోయిందన్నా?" అని అడిగాం. "ఎక్కడ పోతుందో తెలిస్తే పోనిస్తనా తమ్మీ?" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఒక్క షాపుతో మొదలుపెట్టి వందల షాపులు చేసిన కుటుంబాలు ఉన్నాయి కదా, వాళ్ళు ఎలా నిలబడ్డారు? వెతుకుతూ పోతే అమెరికాలోని శాన్ రామన్ అనే ఊరు తగిలింది.

మన నూనె, వాళ్ళ బంకు

శాన్ రామన్ కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్ ఫ్రాన్సిస్కోకు తూర్పు దిక్కున ఉంది. 1983లో నగరంగా ఏర్పడింది. 2020 లెక్కల ప్రకారం జనాభా 84 వేల పైచిలుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అయితే గల్ఫ్‌లో ఉన్న మనకు ఆ ఊరితో ఇంకో సంబంధం ఉంది. చెవ్రాన్ అనే పెద్ద నూనె కంపెనీ 2001లో తన ప్రధాన కార్యాలయాన్ని శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఈ ఊరికి మార్చింది. ఇక్కడి నుంచి హ్యూస్టన్‌కు మారుతున్నట్టు 2024లో ప్రకటించింది. ఈ కంపెనీ పాత పేరు స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా. 1932లో బహ్రెయిన్‌లో, 1938లో సౌదీలోని దమ్మాం ఏడో నంబరు బావిలో నూనె పడింది దాని చేతుల మీదుగానే. ఒక రకంగా మనం ఈ ఎడారికి వచ్చిన దారి అక్కడే మొదలైంది.

అంత పెద్ద కంపెనీ బంకులు పెట్టింది, బంకుల పక్కన 'ఎక్స్‌ట్రామైల్' అనే పేరుతో చిన్న దుకాణాలూ పెట్టించింది. కాఫీ, కూల్ డ్రింకులు, చిప్స్, సిగరెట్లు, పాలు. మన క్యాంపు గేటు దగ్గరి బకాలా లాంటివే, కాకపోతే అద్దాలు, లైట్లు ఎక్కువ. 2018లో ఈ దుకాణాలు నడపడానికి చెవ్రాన్ ఒక భాగస్వామిని తెచ్చుకుంది. చెరిసగం వాటా. ఆ భాగస్వామి ఇంకో నూనె కంపెనీ కాదు, ఐడహో రాష్ట్రంలోని ఒక కుటుంబం. పేరు జాక్సన్స్ ఫుడ్ స్టోర్స్.

ఒక్క బంకుతో మొదలు

జాన్ జాక్సన్ అనే ఆయన 1975లో ఐడహోలోని కాల్డ్‌వెల్ అనే చిన్న ఊళ్ళో ఒక్క బంకుతో మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళు దాటేసరికి అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో షాపులు వందల్లోకి చేరాయి. కొడుకు కోరీ జాక్సన్ పగ్గాలు అందుకున్నాడు. సంస్థ మాత్రం కుటుంబం చేతిలోనే ఉంది.

సముద్రంలో నూనె తోడే కంపెనీకి ఈ కుటుంబంతో ఏం పని అని మాకూ అనిపించింది. ఆలోచిస్తే తెలిసింది. పెట్రోలు మీద మిగిలేది చాలా తక్కువ. ఎదురు బంకువాడు ధర తగ్గిస్తే మనమూ తగ్గించాలి. అసలు లాభం లోపలి షాపులో ఉంది, కప్పు కాఫీలో ఉంది. ఆ కప్పు వేడిగా ఉందా, బాత్‌రూం శుభ్రంగా ఉందా, తారీఖు దాటిన రొట్టె అరలో మిగిలిందా అని రోజూ చూసుకోవడం వేరే విద్య. బావి తవ్వినంత మాత్రాన అది రాదు. ఆ విద్య తెలిసినవాడిని పెద్ద కంపెనీ అయినా వెతుక్కోవాల్సిందే.

ఇంకో సంగతి. ఒక షాపులో యజమాని తానే గల్లా మీద కూర్చుంటాడు. వంద షాపుల్లో ఎలా కూర్చుంటాడు? అక్కడ కూర్చునేది జీతగాడు, అంటే మనలాంటివాడు. అందుకే షాపులు పెరిగేకొద్దీ యజమాని కళ్ళ స్థానంలోకి కాగితం రావాలి. షిఫ్టు మారేటప్పుడు నగదు లెక్క, సరుకు లెక్క, సంతకం. ఆ కాగితం యజమానిని మోసం నుంచి, జీతగాడిని నింద నుంచి కాపాడుతుంది.

అప్పు మింగిన దుకాణం

కుటుంబం పోగొట్టుకున్న కథ కూడా చెప్పుకోవాలి. సెవెన్ ఎలెవెన్ పేరు వినే ఉంటారు. 1927లో అమెరికాలోని డాలస్‌లో ఐసు అమ్మే చోట పాలు, రొట్టె, గుడ్లు కూడా పెట్టడంతో అది మొదలైంది. పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంటుందని 1946లో ఆ పేరు పెట్టారు. థాంప్సన్ కుటుంబం దాన్ని వేల షాపులు చేసింది. బయటివాళ్ళు కంపెనీని లాక్కుంటారనే భయంతో 1987లో ఆ కుటుంబం భారీగా అప్పు తెచ్చి వాటాలన్నీ కొనేసింది. షాపులు నడుస్తూనే ఉన్నాయి, గిరాకీ ఉంది. కానీ వడ్డీ కట్టలేక 1990లో దివాలా కోర్టుకు వెళ్ళింది. 1991లో 70 శాతం వాటా కొన్నది ఎవరో తెలుసా? వీళ్ళ దగ్గర పేరు అరువు తీసుకుని 1974లో టోక్యోలో మొదటి షాపు తెరిచిన జపాన్‌వాళ్ళే. శిష్యుడే గురువు ఇంటిని కొన్నాడు.

మన కళ్ళ ముందున్న ఉదాహరణ లులు. త్రిస్సూరు జిల్లా నాట్టికకు చెందిన యూసఫ్ అలీ 1973లో అబుదాబిలో తన తండ్రి సోదరుడి చిన్న వ్యాపారంలో చేరాడు. 2024లో లులు 30 శాతం వాటాలను అబుదాబి షేర్ మార్కెట్‌లో అమ్మి సుమారు 172 కోట్ల డాలర్లు సేకరించింది. అందరూ లులు కాలేరు, నిజమే. కానీ ఆయన కూడా ముందు బంధువు దగ్గర పని నేర్చుకున్నాకే పెద్దవాడయ్యాడు.

మన షాపుకు ఎలా పనికొస్తుంది?

గుమాస్తాలుగా మాకు తోచిన నాలుగు మాటలు చెప్తాం.

ఒకటి, గల్లా పెట్టె వేరు, జేబు వేరు. నెలకు ఇంత అని మీరూ జీతం తీసుకోండి. ఇంటికి పోయిన బియ్యం, నూనె, సబ్బు కూడా చిట్టాలో రాయండి. మన అన్న షాపు సగం ఇంట్లోకే పోయిందని తర్వాత కూర్చుని లెక్కేస్తే తేలింది.

రెండు, అరువుకు హద్దు పెట్టండి. ఉదాహరణకు వంద రూపాయల అమ్మకంలో మీకు పది మిగులుతుందనుకోండి. వెయ్యి రూపాయల అరువు మునిగితే, అది పూడడానికి పదివేల సరుకు అమ్మాలి. చుట్టం అడిగాడని ఇచ్చేముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

మూడు, రెండో షాపు తెరిచేముందు మొదటి షాపును ఒక నెల ఇంకొకరికి అప్పగించి చూడండి. మీరు లేని నెలలో కూడా నగదు, సరుకు లెక్క సరిపోయిందంటే రెండోది తెరవొచ్చు. సరిపోకపోతే రెండో షాపు లాభం తేదు, మొదటిదాని నష్టాన్నే రెండింతలు చేస్తుంది.

నాలుగు, అన్నదమ్ములైనా వాటా కాగితం మీద పెట్టుకోండి. రాసుకుంటే నమ్మకం లేనట్టు కాదు. రాసుకోనందుకే మన అన్న, తమ్ముడు ఇవాళ ఫోన్లో కూడా మాట్లాడుకోవడం లేదు. షాపు పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. తమ్ముడిని ఎక్కడ తెచ్చుకుంటాం?

పోయిన వారం ఆ అన్న మా దగ్గరికి వచ్చి పొడుగు పుస్తకం ఒకటి అడిగాడు. జీతం ఎంత, ఇంటికి పంపింది ఎంత, మెస్సుకు ఎంత అని ఆ రాత్రి నుంచే రాయడం మొదలుపెట్టాడు. "షాపు లేదు కదన్నా, ఇప్పుడు లెక్క దేనికి?" అన్నాడు పక్క మంచం కుర్రాడు. "షాపు తర్వాత తమ్మీ, ముందు చెయ్యికి అలవాటు కావాలె" అన్నాడు అన్న. మొదటి పేజీ చివర తమ్ముడి పేరు రాసి, వాడికి రావాల్సింది ఎంతో కూడా వేసుకున్నాడు.