ఫైలు ఎవరి చేతిలో?

ఏ క్యాన్సర్ ఆస్పత్రి ఓపీ దగ్గరైనా కాసేపు నిలబడితే ఫైళ్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో కనిపిస్తుంది. ఆరేళ్ల పిల్లాడి ఫైలు తల్లి ఒళ్లో ఉంటుంది, అది సబబే. అరవై ఏళ్ల ఆయన ఫైలు కొడుకు పట్టుకుంటాడు, చాలాసార్లు ఆయన కోరిక మీదే. ఇరవై రెండేళ్ల అమ్మాయిదో అబ్బాయిదో మాత్రం తండ్రి చంకలో, ప్లాస్టిక్ కవరులో, రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. పేరు పిలిస్తే ముందు తండ్రి లేస్తాడు. డాక్టరు ఎదురుగా కూర్చునేది ఆ అమ్మాయే అయినా మాట తండ్రితోనే నడుస్తుంది. స్కాన్ రిపోర్టు బాగోలేని రోజున ‘నువ్వు కాసేపు బయట కూర్చోమ్మా’ అంటారు. ఓటు, బ్యాంకు ఖాతా, కొందరికి ఉద్యోగం కూడా ఉన్న మనిషి, తన ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పే సమయానికి గది బయట ఉంటుంది. జబ్బు ఒక్కసారి వచ్చి తగ్గిపోతే ఈ పద్ధతి ఎలాగోలా గడిచిపోతుందేమో. తిరగబెట్టినప్పుడు గడవదు. పదే పదే జబ్బు పడుతున్న యువతకు ఇంటివాళ్లు చేయగల సాయాల్లో మొదటిది, ఫైలు వాళ్ల చేతికి ఇవ్వడం. మిగతా సాయాలన్నీ దాని తర్వాతే.

వైద్యంలోనూ ఈ వయసు రెండు వార్డుల మధ్య ఇరుక్కుంది. 15 నుంచి 39 ఏళ్ల వారిని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఒక ప్రత్యేక వర్గంగా చూస్తుంది. ఎందుకు చూడాల్సి వచ్చిందో 2008లో వెలువడిన ఒక అధ్యయనం చెబుతుంది. తీవ్రమైన లింఫోబ్లాస్టిక్ రక్తక్యాన్సర్ వచ్చిన 16 నుంచి 20 ఏళ్ల వారిలో కొందరికి పిల్లల డాక్టర్ల పద్ధతిలో, కొందరికి పెద్దల డాక్టర్ల పద్ధతిలో వైద్యం అందింది. ఏడేళ్ల తర్వాత చూస్తే మొదటి గుంపులో 67 శాతం మంది, రెండో గుంపులో 46 శాతం మంది బతికున్నారు. జబ్బూ అదే, వయసూ అదే. తలుపు మారింది. ఆ తర్వాత పెద్దల ఆస్పత్రుల్లోనూ 17 నుంచి 39 ఏళ్ల వారికి పిల్లల తరహా మందులు, అదే క్రమంలో ఇచ్చి చూశారు. మూడేళ్లకు 73 శాతం మంది బతికున్నారని తేలింది. కాబట్టి ‘నాకు ఇస్తున్నది ఏ ప్రోటోకాల్?’ అన్నది ఇరవై ఏళ్ల రోగి నోటి నుంచి తప్పక రావాల్సిన ప్రశ్న. తన జబ్బు పేరే సరిగ్గా తెలియని వాళ్లకు ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వస్తుంది?

పైన చెప్పిన తేడాకు ఒక కారణంగా తల్లిదండ్రుల కాపలాను కూడా కొందరు నిపుణులు చూపించారు. పిల్లల వార్డులో అమ్మ పక్కనే ఉండి మాత్ర మింగిస్తుంది, తేదీ తప్పనివ్వదు. ఇది నా వాదనకు ఎదురుతిరిగే ఆధారంలాగే కనిపిస్తుంది. కాస్త లోతుగా చూస్తే అలా అనిపించదు. రక్తక్యాన్సర్ తగ్గాక రెండేళ్ల దాకా ఇంట్లో వేసుకునే మాత్రల మీద అమెరికాలో జరిగిన పరిశోధనల్లో, వందకు తొంభై అయిదు కన్నా తక్కువ డోసులు వేసుకున్నవారికి జబ్బు తిరగబెట్టే ముప్పు రెండు రెట్లు దాటింది. మాత్రలు ఎక్కువగా మానేసింది పసిపిల్లలు కాదు, 12 ఏళ్లు దాటినవాళ్లు. అంటే కాపలా పనిచేసే వయసు ఒకటి ఉంది, అది ఈ పిల్లలకు దాటిపోయింది. హాస్టల్లో ఉండే కుర్రాడికి ‘బలం మాత్రలు’ అని చెప్పి పంపితే పరీక్షల వారంలో పక్కన పడేస్తాడు. బలం మాత్రలను మానేస్తే ఏమవుతుందని ఎవరూ భయపడరు కదా. జ్వరం సంగతీ అంతే. కీమో ఎక్కించాక కౌంట్స్ (తెల్ల రక్తకణాల సంఖ్య) పడిపోయిన రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి చేరి యాంటీబయాటిక్ ఎక్కించుకోవాలి. అర్ధరాత్రి ఆ నిర్ణయం తీసుకోవాల్సింది ఒంట్లో వణుకు పుట్టినవాళ్లే.

‘చెబితే తట్టుకోలేరు’ అన్నది అందరూ చెప్పే అభ్యంతరం. చెప్పకపోతే తెలియదనే నమ్మకం మీద అది నిలబడింది. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అనే మానవశాస్త్ర పరిశోధకురాలు అమెరికాలో ఒక ఆస్పత్రిలో రక్తక్యాన్సర్ ఉన్న మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలతో గడిపి, 1978లో పుస్తకం రాశారు. తాము చనిపోతున్నామని ఆ పసివాళ్లకు ఎవరూ చెప్పలేదు, అయినా వాళ్లకు తెలుసు. అమ్మానాన్నలు బాధపడతారని తెలియనట్టు నటించారు. అమ్మానాన్నలూ అలాగే నటించారు. తొమ్మిదేళ్ల పిల్లకే దాగని సంగతి, చేతిలో ఫోను ఉన్న ఇరవై రెండేళ్ల మనిషికి దాగుతుందా? జుట్టు రాలుతుంది, ‘కరెంటు’ (రేడియేషన్) పెడతారు, పక్క మంచం వాళ్లు మాట్లాడుకుంటారు, ల్యాబ్ రిపోర్టు నేరుగా సెల్లుకే వస్తుంది. రెండోసారి జబ్బు పడేసరికి వార్డులో నర్సుల డ్యూటీ వేళలతో సహా అన్నీ తెలిసిపోయి ఉంటాయి. ఆ స్థితిలో దాచడం వల్ల మాట్లాడుకోవడం ఆగిపోతుందే తప్ప తెలియడం ఆగదు.

ఇక ‘ముఖం మీదే చెప్పడం విదేశీ పద్ధతి, మన ఇళ్లలో కుదరదు’ అనే మాట. షికాగోలోని ఒక ఆస్పత్రిలో డాక్టర్లను అడిగి 1961లో ప్రచురించిన సర్వేలో 90 శాతం మంది రోగికి క్యాన్సర్ అని చెప్పకపోవడమే మేలన్నారు. అలాంటి ప్రశ్నలే మళ్లీ అడిగి 1979లో ప్రచురించిన సర్వేలో 97 శాతం మంది చెప్పడానికే మొగ్గారు. దాచడం ఒకప్పుడు వాళ్ల ఆచారం కూడా. పద్దెనిమిదేళ్లలో తిరగబడింది. మన దగ్గర క్యాన్సర్ దాచడాన్ని త్యాగంగా మనసుల్లో నాటిన సినిమా 1981 నాటి ‘ప్రేమాభిషేకం’. అందులో జబ్బును ప్రేయసి దగ్గర దాచిన కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావే 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి, తనకు క్యాన్సర్ వచ్చిందని స్వయంగా చెప్పారు. తెలుగువాళ్లు ఆ మాటను గౌరవంగానే విన్నారు. మన ఇళ్లలో దాపరికం వెనుక సంస్కృతి కన్నా సంబంధాల భయం ఎక్కువని నా అనుమానం. అక్కకు జబ్బని తెలిస్తే చెల్లెలికి పెళ్లి కుదరదేమో అనే లెక్క అది. ఆ భయం నిజమైనదే, కొట్టిపారేయలేం. కానీ ఊరివాళ్లకు చెప్పకపోవడం వేరు, జబ్బు పడ్డ మనిషికే చెప్పకపోవడం వేరు.

తిరగబెట్టిన జబ్బులో నిర్ణయాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా తిరగబెట్టాక సొంత మూలకణాలతో మార్పిడి చేయించుకుంటే దాదాపు సగం మందికి మళ్లీ నయమయ్యే వీలుంది. రక్తక్యాన్సర్‌కు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల మూలకణాలు కావాలంటే ఒక్కొక్కరితో పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారు చేసిన, రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి ఎక్కించే కార్-టీ చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. దానికి పదుల లక్షలు కావాలి. వీటన్నిటికన్నా ముందు, మన ఇళ్లలో ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటుంది: రేపు పిల్లలు కావాలా? కొన్ని కీమో మందులు, మార్పిడికి ముందిచ్చే భారీ డోసులు సంతాన శక్తిని దెబ్బతీస్తాయి. వీర్యం భద్రపరచడానికి ఒకటి రెండు రోజులు చాలు. అండాలకు సుమారు రెండు వారాలు పడుతుంది. రక్తక్యాన్సర్‌లో ఒక్కోసారి అంత వ్యవధి కూడా ఉండదు. పెళ్లికాని కూతురిని తండ్రి ఈ మాట అడగలేడు, అడగలేక వదిలేస్తాడు. డాక్టరు తండ్రితోనే మాట్లాడితే ఆ ప్రశ్న గదిలోకే రాదు. పదేళ్ల తర్వాత నయమై కాపురం చేసుకుంటున్న అమ్మాయికి ఆ మౌనం ఖరీదు తెలుస్తుంది.

చట్టం ఈ విషయంలో ఎప్పుడో తేల్చేసింది. 1995లో ఢిల్లీలో ఒక అవివాహిత పరీక్ష కోసం మత్తులో ఉండగా, బయట కూర్చున్న ఆమె తల్లి సమ్మతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. రోగి మేజరు, మతి స్థిమితం ఉన్న మనిషి అయినప్పుడు, ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు లేనప్పుడు ఆమె బదులు తల్లి సమ్మతి చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిది నిండిన రోగి కీమో కాగితం మీద తండ్రి ఒక్కడే సంతకం పెట్టడం ఆనవాయితీ మాత్రమే, దానికి చట్టం అండ లేదు.

‘డబ్బు పెట్టేది మేం, అప్పులు చేసేది మేం’ అనేవాళ్లకు ఏం చెబుతాం? వాళ్లు చెప్పేది నిజమే. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని పది లక్షలకు పెంచారు కూడా. అయినా తిరగబెట్టిన జబ్బు పొలం దాకా వస్తుంది. అందుకే లెక్క కూడా రోగికి తెలియాలి. తన కోసం ఏం అమ్ముతున్నారో తెలియని వాళ్లు తమను తాము భారంగా ఊహించుకుంటారు, ఆ ఊహ అసలు లెక్క కన్నా పెద్దదిగా ఉంటుంది. తప్పు నిర్ణయం తీసుకుంటారన్న భయానికి మాత్రం పూర్తి జవాబు లేదు. కొందరు వైద్యం మధ్యలో వదిలేసి పసరు మందుకు పోతారు. నయమయ్యే దశలో అలా పోతుంటే గట్టిగా వాదించాలి, ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అయితే అన్నీ తెలిసిన వాళ్లతోనే వాదన సాధ్యం. అలాగే ‘నాకు చెప్పొద్దు, మీరే చూసుకోండి’ అని నిజంగా కోరుకునేవాళ్లూ ఉంటారు. అదీ వాళ్ల హక్కే. తేడా ఒక్కటే, ఆ మాట వాళ్లను అడిగాక రావాలి. రెండోసారి జబ్బు వచ్చినప్పుడు మళ్లీ అడగాలి.

ఫైలు ఇచ్చేస్తే ఇంటివాళ్లకు పనేముంటుందని అనుకోనక్కర్లేదు. కౌంట్స్ పడిన రోజుల్లో వేడివేడిగా వండిపెట్టాలి, ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర చుట్టూ అప్రూవల్ కోసం తిరగాలి, ప్లేట్‌లెట్ దాతలను వెతకాలి, చూడ్డానికొచ్చే బంధువులను గుమ్మం దగ్గరే ఆపాలి. కాలేజీ అటెండెన్స్ కోసం ప్రిన్సిపాల్‌ను బతిమాలాలి. వీటికి మనుషులు ఎప్పుడూ తక్కువే.

వైద్యం ఫలించని రోజు గురించి కూడా రాయాలి. క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను స్వీడన్‌లో అడిగి 2004లో ఫలితాలు ప్రచురించారు. బిడ్డతో చావు గురించి మాట్లాడామని 147 మంది చెప్పారు. ఎందుకు మాట్లాడామా అని బాధపడినవారు వారిలో ఒక్కరూ లేరు. మాట్లాడనివారిలో 27 శాతం మంది మాట్లాడి ఉండాల్సింది అన్నారు.

నయమైన వాళ్లకు ఫైలు మరింత అవసరం. డాక్సోరుబిసిన్ లాంటి మందు మొత్తం ఎంత డోసు ఎక్కిందన్నది పదిహేనేళ్ల తర్వాత గుండె డాక్టరు అడుగుతాడు. ఛాతీకి రేడియేషన్ తీసుకున్న అమ్మాయి రొమ్ము పరీక్షలు తన వయసు వాళ్ల కన్నా చాలా ముందే మొదలుపెట్టాలి. అప్పటికి ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పడానికి తండ్రి ఉండకపోవచ్చు. వచ్చే ఓపీకి బయల్దేరేటప్పుడు ఫైలు మీ అమ్మాయికో అబ్బాయికో ఇవ్వండి. చికిత్స సారాంశం ఒక పేజీలో రాసి, వాళ్ల పేరు మీదే ఇవ్వమని డాక్టరును అడగండి.