దిగిన కొండే మళ్లీ ఎక్కాలి

విశాఖపట్నం చూడబోయినవారు రామకృష్ణా బీచ్, కైలాసగిరి చూసుకుని తిరిగొచ్చేస్తుంటారు. యారాడ దాకా వెళ్లేవారు తక్కువ. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం ఉన్న ఊరది. మల్కాపురం వైపు నుంచి వెళ్తే ముందు కొండ ఎక్కాలి, ఆ తర్వాత అవతలి వాలులో మలుపులు తిరుగుతూ సముద్రం ఒడ్డుకు దిగాలి. కారులో వెళ్లేవారికి అది కొద్ది నిమిషాల వినోదం. సైకిలు మీద వెళ్లేవారికి మాత్రం ఆ దిగుడు అప్పు లాంటిది. పెడలు తొక్కకుండా హాయిగా జారిపోయిన ప్రతి మీటరునూ తిరుగు ప్రయాణంలో తొక్కి తీర్చాల్సిందే.

మధ్యధరా సముద్రంలో స్పెయిన్ దేశానికి చెందిన మయోర్కా అనే దీవి ఉంది. అక్కడ 1932లో ఆంతోనియో పరియెత్తి అనే ఇంజనీరు రూపొందించిన సా కలోబ్రా రోడ్డు ఇలాంటిదే, కాని ఇంతకంటే చాలా పెద్దది. సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లలో 670 మీటర్ల దాకా దిగి సముద్రం దగ్గర ఆగిపోతుంది. ఒక చోటనైతే రోడ్డు గుండ్రంగా తిరిగి తన కిందుగా తానే దూరి వెళ్తుంది. ఆ కొండ ఎక్కి తమ బలం చూసుకోవడానికి యూరప్ నలుమూలల నుంచి సైకిలు తొక్కేవారు వస్తారు. అయితే దాన్ని ఎక్కాలంటే ముందు దాన్నే దిగాలి. రోడ్డు అక్కడితో సరి. పడవ దొరికితే తప్ప వేరే దారి లేదు.

మా హయత్‌నగర్‌లో ఇలాంటి ఘాట్ రోడ్లూ లేవు, సముద్రమూ లేదు. ఎల్బీనగర్ నుంచి వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేటల మీదుగా విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఉంది. లారీల రద్దీ పెరగకముందే, తెల్లవారుజామున, మా సంఘంలోని కొందరు యువకులు దాని మీద సైకిళ్లు తొక్కుతారు. నిజానికి మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తులో ఉంది గనుక విజయవాడ వెళ్లడమంటే దిగడమే. 250 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న దిగుడు కావడంతో కాళ్లకు తెలియదు, అంతే.

ఆ యువకులే ఒకసారి యారాడ వెళ్లొచ్చారు. ఎక్కేటప్పుడు ఆయాసమే తప్ప ప్రమాదం లేదని, భయమంతా దిగేటప్పుడేనని వారు చెప్పారు. మలుపులోకి వెళ్లాక బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది, అందుకని మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. అలాగని పొడవాటి దిగుడులో బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలిపోయే ప్రమాదమూ ఉంది. ‘అన్నిటికంటే కష్టం మధ్యలో ఆగడం అయ్యగారూ’ అన్నాడొకడు. కింద సముద్రం కనిపిస్తుంటే, చెవుల్లో గాలి హోరుమంటుంటే ఆగాలనే అనిపించదట.

యారాడ అనే పేరు వినగానే వేదాంత కళాశాలలో హెబ్రీ భాష నేర్చుకున్న ఎవరికైనా ఒక మాట గుర్తుకొస్తుంది. హెబ్రీలో ‘యారద్’ అంటే దిగడం. యొర్దాను అనే పేరు కూడా ఆ ధాతువు నుంచే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. మన యారాడకూ దానికీ ఏ సంబంధమూ లేదు, చెవికి తగిలే పోలిక మాత్రమే. కాని ఆ మాట పట్టుకుని యోనా గ్రంథం చదివితే ఆ ప్రవక్త ప్రయాణం ఘాట్ రోడ్డులా కనిపిస్తుంది. దేవుడు నీనెవెకు వెళ్లమన్నాడు, అది తూర్పున ఉంది. యోనా పడమటికి, తర్షీషుకు బయలుదేరాడు. అది స్పెయిన్ తీరంలో ఉండేదని అనేకుల అభిప్రాయం. అతడు ముందు యొప్పేకు ‘దిగాడు’. కేవు చెల్లించి ఓడలోకి ‘దిగాడు’ (1:3). తెలుగులో మనం ఓడ ఎక్కాడంటాం గాని హెబ్రీలో ఉన్నది దిగాడనే. తర్వాత ఓడ అడుగు భాగానికి ‘దిగి’ గాఢంగా నిద్రపోయాడు (1:5). చివరికి సముద్రంలో, పర్వతాల పునాదుల దాకా ‘దిగాను’ అని తానే ప్రార్థనలో ఒప్పుకున్నాడు (2:6). నాలుగు చోట్లా ఒకటే క్రియ. మొదటి దిగుడుకు డబ్బు కట్టింది తానే, ఎవరూ తోయలేదు. తుపానులో అన్యులైన నావికులు తమతమ దేవతలకు మొరపెడుతుంటే దేవుని ప్రవక్త నిద్రపోతున్నాడు. విజయవాడ రోడ్డు లాగే, దిగుతున్నట్టు అతనికీ తెలిసినట్టు లేదు.

ఇక్కడ సైకిలు పోలిక చాలదు. యారాడ దిగినవాడు తన కాళ్లతోనే తిరిగి ఎక్కుతాడు. యోనా ఎక్కలేదు, దేవుడే అతని ప్రాణాన్ని కూపంలో నుంచి పైకి తెచ్చాడు (2:6). సొంత బలంతో ఆ కొండ ఎక్కవచ్చని బోధించేది సువార్త కాదు. అయితే చాలామంది యోనా కథను అక్కడితో ముగిస్తారు. చేప అతణ్ని నీనెవె ఒడ్డున కక్కిందని సండేస్కూలు పిల్లలకు చెప్పేవారూ ఉన్నారు. నీనెవెకు సముద్రపు ఒడ్డెక్కడిది? నేటి ఇరాక్‌లోని మోసుల్ నగరం పక్కన, మధ్యధరా సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉందది. ఏ ఒడ్డున కక్కిందో గ్రంథం చెప్పదు, పొడి నేల అని మాత్రం చెబుతుంది (2:10). ఆ వెంటనే దేవుని వాక్కు రెండోసారి వచ్చింది. లేచి నీనెవెకు వెళ్లమన్న అదే ఆజ్ఞ (3:1, 2). క్షమాపణ దొరికింది, దూరం మాత్రం తగ్గలేదు.

ఈ మాట ఎందుకు ఎత్తామంటే, మన ఇళ్లలో ఒక కొత్త దిగుడు మొదలై చాలాకాలమైంది. సెల్‌ఫోనులో రమ్మీ, క్రికెట్ పందేలు, వాటికోసం యాప్‌లలో తీసుకునే అప్పులు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. అయినా వాటిలో చిక్కుకున్నవారి తల్లులు ప్రార్థన మనవులు రాసిచ్చేటప్పుడు సంగతి రాయరు, ‘కుమారుని కొరకు’ అని మాత్రం రాస్తారు. మొదట వంద రూపాయలు, తర్వాత జీతం, తర్వాత అక్క పెళ్లికి దాచిన డబ్బు. వాలు ఎక్కడ పెరిగిందో దిగేవాడికి తెలియదు.

అలా దిగిన తమ్ముడొకడు ఉపవాస కూటంలో కన్నీళ్లతో ప్రార్థించి ప్రభువు దగ్గరికి తిరిగొచ్చాడు. మర్నాడు ఉదయమే అప్పులవాళ్ల ఫోన్లు. ‘దేవుడు క్షమించాడు కదా అయ్యగారూ, మరి ఇదేంటి?’ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జక్కయ్య చెట్టు దిగి ప్రభువును ఇంటికి తీసుకెళ్లాక, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ప్రభువు అక్కర్లేదు అనలేదు, ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు (లూకా 19:8, 9). తిరిగివ్వడం వల్ల రక్షణ రాలేదు, రక్షణ వచ్చినవాడు తిరిగిచ్చాడు. ఈ క్రమం తారుమారైతే ఇటు గర్వమైనా వస్తుంది, అటు నిరాశైనా వస్తుంది.

సంఘ పెద్దల్లో రెండు అభిప్రాయాలొచ్చాయి. సంఘ నిధి నుంచి మొత్తం కట్టేద్దామని కొందరన్నారు. చేసినవాడు అనుభవించాలని మరికొందరు. రెండూ తేలికే, ఒకదానికి చెక్కు చాలు, రెండోదానికి మాట చాలు. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారి సుమారు వెయ్యి మీటర్ల దిగుడు. గాయపడినవాడి పక్కగా వెళ్లిపోయిన యాజకుడు కూడా ఆ దారినే దిగి వెళ్తున్నాడని లూకా ప్రత్యేకంగా రాశాడు (10:31). దిగుడులో ఆగడం కష్టమని మా సైకిలు యువకుడు చెప్పింది నిజమే. సమరయుడు ఆగాడు. ఆగి, గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకుని, తాను నడిచాడు కాబోలు.

చివరికి మా పెద్దల్లో ముగ్గురు ఆ పని మీద వేసుకున్నారు. వారిలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఆయన ఉన్నారు. అప్పులన్నీ ఒక నోటుబుక్కులో రాయించారు. ఎక్కువ వడ్డీది మొదట అన్నారు. ఆ తమ్ముడు స్మార్ట్‌ఫోను అమ్మేసి మీటలున్న పాత ఫోను తీసుకున్నాడు, ఏటీఎం కార్డు తల్లి చేతికిచ్చాడు. పోయిన సంక్రాంతికి ముందు మొదటి అప్పు తీరింది, ఇంకా రెండున్నాయి. నెలకోసారి, జీతం పడ్డ శనివారం సాయంత్రం, నలుగురూ చర్చి వెనక గదిలో కూర్చుంటారు. కట్టిన మొత్తం అతని చేతే రాయిస్తారు, టీ తాగుతారు, ప్రార్థన చేసి వెళ్తారు.