రాజమండ్రి - దిల్లీ విమానం: టికెట్‌పై ఉన్న సమయానికి అర్థమేంటి?

రాజమహేంద్రవరం నుంచి దిల్లీకి 2024 డిసెంబరులో నేరుగా విమానం మొదలైంది. మధురపూడి విమానాశ్రయం నుంచి ఆకాశమార్గాన దూరం సుమారు 1,360 కి.మీ. గంటకు 800 కి.మీ. వేగమంటే గంటా ముప్పావులో దిగిపోవాలి. మరి టికెట్‌పై రెండున్నర గంటలకు దగ్గరగా ఎందుకు ఉంటుంది?

ఆ లెక్క గాల్లో ఉన్న సమయానికే కాదు. విమానం ఇక్కడ నిలిపిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, దిల్లీలో ఆగేవరకూ నడుస్తుంది. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. దిల్లీలో రద్దీ ఉంటే గాల్లోనే కాసేపు తిప్పుతారు. దిగాక రన్‌వే నుంచి టెర్మినల్‌కు చేరడానికి మరికొంత.

ఈ అంకెతో మీకు ఇంకో పనుంది. డీజీసీఏ నిబంధనల ప్రకారం టికెట్‌పై రెండున్నర గంటల్లోపు ప్రయాణమైతే, 2 గంటలు ఆలస్యమైనా టిఫినో భోజనమో ఇవ్వాలి. అంతకు మించితే (5 గంటల వరకు) ఆలస్యం 3 గంటలు దాటాలి. మీరు మాత్రం సమయానికి చెక్-ఇన్ అయి ఉండాలి. విమానమే రద్దయితే డబ్బు వాపసో, మరో విమానమో మీరే ఎంచుకోవచ్చు.

అమలాపురం నుంచి బయల్దేరేవారు మధురపూడికి రెండు గంటలకు పైగా వేసుకోండి. రావులపాలెం దగ్గర ట్రాఫిక్ సంగతి తెలిసిందే. విమానాశ్రయంలో గంటన్నర, దిల్లీలో ఊళ్లోకి ఇంకో గంటన్నర.. మొత్తం ఏడున్నర, ఎనిమిది గంటలు. రైల్లో దాదాపు రోజున్నర కంటే నయమే. కానీ డిసెంబరు, జనవరిలో దిల్లీలో పొగమంచు. ఎయిమ్స్‌లో ఓపీ, వీసా ఇంటర్వ్యూ లాంటివి ఉంటే ముందురోజు విమానానికే టికెట్ తీసుకోండి.