పాత కంప్యూటరునకు క్రొత్త విండోస్ తగునా?

పిల్లల పాఠములకును, ఇంటి పద్దులకును, బ్యాంకు వ్యవహారములకును తోడ్పడుచున్న పాత కంప్యూటరును త్రోసివేయవలయునా యను చింత నేడు మనలో పెక్కురకు గలదు. ఆ విషయమై ముఖ్యాంశముల నిచట మనవి చేయుచున్నాము.

విండోస్ 10 నకు మైక్రోసాఫ్టువారి సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. యంత్రము నడచును, కాని ప్రత్యేక నమోదు లేనిచో క్రొత్తగా బయల్పడు లోపములు పూడవు. తాళము చెడిన పెట్టెలో నగలుంచుట యెట్టిదో, అట్టి యంత్రమున బ్యాంకు పని చేయుటయు నట్టిదే.

2021లో వెలువడిన విండోస్ 11 నకు 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ, టీపీఎం 2.0 అను రక్షణభాగము, ఆమోదింపబడిన ప్రాసెసరు వలయును. ఇంటెల్ వానిలో సామాన్యముగా ఎనిమిదవ తరము మొదలుకొని చెల్లును. ర్యామ్, డిస్కు చాలనిచో పెక్కు యంత్రములలో మార్చుకొనవచ్చును; ప్రాసెసరు మార్పు కష్టము. టీపీఎం కొన్నిట నుండియు పనిచేయకుండ నిలుపబడియుండును. దానిని బయాస్‌లో మేల్కొల్పిన చాలును.

కావున వర్తకుని మాట విని సొమ్ము వెచ్చింపకమునుపే, ఉచితమగు పీసీ హెల్త్ చెక్‌తో పరీక్షింపుడని మా మనవి. తగదని తేలినను నిరాశ వలదు. లినక్సు నెక్కించినచో నట్టి యంత్రములు పెక్కు పిల్లల చదువున కింకను పనికివచ్చును. ఏ మార్పునకైనను ముందుగా ఛాయాచిత్రములను, పత్రములను వేఱొకచోట భద్రపఱచుట మఱువకుడు.